పెట్రోల్ మోవర్ నుంచి బ్యాటరీ మోవర్‌కు మారడం: కొనడానికి ముందు చేయవలసిన లెక్కలు, కొన్న తరువాత మార్చుకోవలసిన అలవాట్లు

పెట్రోల్‌తో నడిచే లాన్ మోవర్‌ను పక్కన పెట్టి బ్యాటరీ మోవర్ తీసుకోవాలనుకునే వారు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: దానికి గడ్డి కోసేంత బలం ఉంటుందా? ఇళ్ల ముందుండే మామూలు లాన్ల విషయంలో ఈ సందేహం అక్కర్లేదు. బ్రష్‌లెస్ (అంటే అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు తక్కువ వేగంలోనే పూర్తి తిప్పుబలాన్ని ఇస్తుంది, పైగా రోజువారీ కోతకు బ్లేడు అడిగే బలం ఇంజిన్ మీద ముద్రించిన హార్స్‌పవర్ కంటే చాలా తక్కువ. అసలు అడగవలసింది బలం గురించి కాదు, నిల్వ గురించి.

ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 9,000 వాట్-అవర్ల (ఒక వాట్ చొప్పున గంటసేపు ఖర్చయ్యే శక్తి ఒక వాట్-అవర్) శక్తి దాగి ఉంటుంది. చిన్న మోవర్ ఇంజిన్ అందులో ఐదో వంతు కూడా సరిగా బ్లేడుకు చేర్చలేదు. మిగిలినదంతా వేడిగా, పొగగా, మోతగా పోతుంది. అంత వృథా జరిగినా బ్లేడుకు చేరేది వెయ్యి వాట్-అవర్ల పైమాటే. మోవర్‌తో పాటు వచ్చే సాధారణ బ్యాటరీలో ఉండేది 200 నుంచి 400 వాట్-అవర్లు మాత్రమే. మోటారు ఆ శక్తిలో చాలా భాగాన్ని పనికి పెడుతుంది కాబట్టే ఇంత చిన్న నిల్వతో పని జరుగుతోంది. అయితే అదే కారణంగా, పెట్రోల్ ట్యాంకు ఇన్నాళ్లూ కప్పిపుచ్చిన మన బద్ధకాలన్నీ, అంటే మొద్దుబారిన బ్లేడు, వారాల తరబడి పెరగనిచ్చిన గడ్డి, తడి ఆరకుండానే మొదలుపెట్టిన కోత, బ్యాటరీ మోవర్‌తో ఒక్కసారిగా బయటపడతాయి. కాబట్టి ఈ మార్గదర్శి యంత్రం ఎంపికకు ఎంత చోటిస్తుందో, లాన్‌ను కొలవడానికీ కోసే పద్ధతికీ అంతకంటే ఎక్కువ చోటిస్తుంది.

మొదటి మెట్టు: మారడం మీకు కుదురుతుందో లేదో తేల్చుకోవడం

లాన్ ఒక మోస్తరు విస్తీర్ణంలో ఉండి, పెరిగే కాలంలో వారానికో పది రోజులకో ఒకసారి కోసే అలవాటు ఉన్నవారు నిశ్చింతగా మారవచ్చు. తాడు లాగి స్టార్ట్ చేయవలసిన పని లేదు, కార్బురేటర్ జిగురు పట్టడం లేదు, ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్చే పనులు లేవు. పెట్రోల్ మోవర్ నడిపేవారి చెవి దగ్గర మోత సుమారు 90 డెసిబెల్స్ ఉంటుంది. రోజుకు 8 గంటల పనికి వినికిడి నిపుణులు సిఫారసు చేసే పరిమితి 85 డెసిబెల్స్. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది. బ్యాటరీ మోవర్ పూర్తిగా నిశ్శబ్దం కాదు, బ్లేడు గాలిని కోసే శబ్దం ఎలాగూ ఉంటుంది, కానీ దాన్ని నడుపుతూ పక్కవారితో గొంతు పెంచి మాట్లాడవచ్చు.

పొగ విషయం కూడా చిన్నదేమీ కాదు. మోవర్ ఇంజిన్లకు కార్లలో ఉండేలాంటి పెద్ద శుద్ధి వ్యవస్థలు ఉండవు. వాణిజ్య స్థాయి పెట్రోల్ మోవర్‌ను ఒక గంట నడిపితే వెలువడే స్మాగ్ కారక కాలుష్యం, 2017 నాటి మామూలు కారును సుమారు 300 మైళ్లు నడిపినప్పుడు వెలువడే దానితో సమానమని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి అంచనా వేసింది. ఆ రాష్ట్రం 2021లో చేసిన చట్టాన్ని అనుసరించి, 2024 నుంచి తయారయ్యే ఇటువంటి చిన్న ఇంజిన్లకు కాలుష్యం సున్నా ఉండాలన్న నిబంధన తెచ్చింది. అయితే ఇదివరకే కొన్న యంత్రాలను వాడుకోవడం మీద అక్కడ కూడా నిషేధం లేదు.

మారవద్దని చెప్పవలసిన సందర్భాలూ ఉన్నాయి. గడ్డి మోకాలి ఎత్తు దాకా పెరిగాకే కోసేవారికి, ఎకరాల కొద్దీ నేల ఉన్నవారికి, రోజంతా ఆగకుండా కోసే వృత్తిలో ఉండి మధ్యలో చార్జింగ్ వసతి లేనివారికి, తోసుకెళ్లే బ్యాటరీ మోవర్ ప్రస్తుతానికి అసహనమే మిగులుస్తుంది. పాత పెట్రోల్ మోవర్ బాగా పనిచేస్తూ ఉండి, ఏడాదిలో నాలుగైదు సార్లు మించి కోయని వారు కూడా తొందరపడనక్కరలేదని నా అభిప్రాయం.

రెండవ మెట్టు: లాన్‌ను కొలిచి, ఎంత శక్తి కావాలో లెక్క కట్టడం

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టునే, తరువాత పశ్చాత్తాపం మొదలయ్యేదీ ఇక్కడే. పెట్టె మీద రాసిన ‘ఇన్ని నిమిషాలు నడుస్తుంది’ అనే అంకె తేలికైన, పొడి, పలుచని గడ్డి మీద వచ్చినదని అనుకుని, దానికి బదులు సొంత లెక్క వేసుకోవడం మంచిది.

ముందు కోయవలసిన నేలను మాత్రమే కొలవాలి. స్థలం మొత్తం విస్తీర్ణంలోంచి ఇల్లు, దారి, పూల మడులు తీసివేయగా మిగిలేదే లాన్. టేపుతో గానీ అడుగులతో గానీ పొడవు, వెడల్పులు కొలిచి ముక్కలు ముక్కలుగా గుణించుకుంటే సరిపోతుంది. ఫోన్‌లోని మ్యాపులో హద్దులు గీసి కొలిచినా తేడా పెద్దగా రాదు.

ఉదాహరణకు లాన్ 600 చదరపు మీటర్లు ఉందనుకుందాం. మోవర్ కోత వెడల్పు 50 సెంటీమీటర్లు అయితే, ప్రతి వరుసకూ పక్క వరుస మీద 5 సెంటీమీటర్లు ఎక్కించి కోయాలి కాబట్టి నికరంగా 45 సెంటీమీటర్లే లెక్కలోకి వస్తాయి. గంటకు 4 కిలోమీటర్ల నడకతో నిమిషానికి సుమారు 67 మీటర్లు సాగుతాం, అంటే నిమిషానికి 30 చదరపు మీటర్లు. ఆ లెక్కన 600 చదరపు మీటర్లకు 20 నిమిషాలు పడుతుంది. మలుపులకు, చెట్ల మొదళ్ల చుట్టూ తిరగడానికి ఇంకో పావు వంతు కలుపుకుంటే 25 నిమిషాలు అవుతుంది.

ఇప్పుడు శక్తి లెక్క. మామూలు కోతలో మోవర్ సగటున 500 వాట్లు లాగుతుందని, ఒత్తుగా పెరిగిన గడ్డిలో అది 800 వాట్ల దాకా పోతుందని అనుకుంటే, 25 నిమిషాలకు మొదటి సందర్భంలో సుమారు 210 వాట్-అవర్లు, రెండవ సందర్భంలో సుమారు 330 వాట్-అవర్లు ఖర్చవుతాయి. దీనికి మరో పావు వంతు తప్పనిసరిగా కలుపుకోవాలి, ఎందుకంటే లిథియం-అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తరువాత కొత్తలో పట్టినంత శక్తిని పట్టదు. కొన్న మొదటి నెలలో అంచుకు అంచుగా సరిపోయిన బ్యాటరీ నాలుగో ఏట లాన్ చివరి మూల చేరకముందే ఆగిపోతుంది. అంటే ఈ లాన్‌కు మామూలు కోతలో కనీసం 260 వాట్-అవర్లు, గడ్డి బలంగా పెరిగే కాలంలో 400 వాట్-అవర్లకు పైగా చేతిలో ఉండాలి.

సెల్ఫ్ డ్రైవ్, అంటే చక్రాలు తమంతట తామే నడిచే సదుపాయం, వాడితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. కోసిన గడ్డిని సంచిలోకి పంపకుండా డెక్ (బ్లేడును కప్పి ఉండే పెంకు) లోపలే మళ్లీ మళ్లీ నరికి నేల మీద రాల్చే మల్చింగ్‌కు కూడా అదనపు శక్తి కావాలి. ఏటవాలు నేలలోనూ అంతే. ఈ మూడూ కలిసే చోట లెక్కలో వచ్చిన అంకెకు సగం కలుపుకున్నా ఎక్కువేమీ కాదు.

మూడవ మెట్టు: బ్యాటరీ మీది అంకెలను చదవడం

దుకాణంలో పెద్ద అక్షరాలతో కనిపించేది వోల్టేజి. దాన్ని బట్టే యంత్రాన్ని అంచనా వేయడం సరికాదు. బ్యాటరీలో ఉండే ఒక్కొక్క లిథియం-అయాన్ సెల్ సగటు వోల్టేజి 3.6, పూర్తిగా చార్జ్ అయినప్పుడు 4.2. పది సెల్స్‌ను వరుసగా కలిపితే సగటున 36 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు వస్తాయి. దీనినే ఒక తయారీదారు 36 వోల్టులని, మరొకరు ‘40 వోల్ట్ మ్యాక్స్’ అని అమ్ముతారు. అలాగే 18 వోల్టులు, ‘20 వోల్ట్ మ్యాక్స్’ కూడా ఒకటే. 72 వోల్టులు, ‘80 వోల్ట్ మ్యాక్స్’ కూడా ఒకటే.

మీ లాన్‌కు సరిపోతుందో లేదో చెప్పే అంకె వాట్-అవర్లు. చాలా బ్యాటరీల మీద అది చిన్న అక్షరాలతో ముద్రించే ఉంటుంది. లేకపోతే సగటు వోల్టేజిని ఆంపియర్-అవర్లతో గుణించాలి: 36 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అయితే 180, అదే 7.5 ఆంపియర్-అవర్లు అయితే 270. పైన చెప్పిన 600 చదరపు మీటర్ల లాన్‌కు మొదటిది చాలదు, రెండవది మామూలు కోతకు సరిపోతుంది, గడ్డి ఒత్తుగా ఉన్న రోజుల్లో మాత్రం రెండో బ్యాటరీ కావాలి. లెక్కలో ‘మ్యాక్స్’ వోల్టేజిని పెట్టి గుణిస్తే లేని శక్తి ఉన్నట్టు కనిపిస్తుంది.

మోవర్‌లో రెండు బ్యాటరీలు పెట్టే గదులు ఉన్నప్పుడు అవి ఎలా పనిచేస్తాయో తప్పక కనుక్కోవాలి. కొన్ని యంత్రాలు ఒకటి అయిపోయాక రెండోదాన్ని వాడుకుంటాయి. ఒక్క బ్యాటరీతో కూడా నడుస్తాయి. కొన్ని రెండింటి వోల్టేజినీ కలిపి వాడతాయి. వాటిలో ఒక బ్యాటరీ పాడైతే రెండోది నిండుగా ఉన్నా మోవర్ కదలదు. ఇంకొన్నింటిలో రెండో గది కేవలం మోసుకెళ్లడానికే ఉంటుంది, మొదటిది ఖాళీ అయితే చేత్తో మార్చుకోవాలి.

ఒక తయారీదారు బ్యాటరీ సాధారణంగా మరొకరి యంత్రంలో పట్టదు. అందువల్ల మోవర్‌ను ఎంచుకోవడమంటే ఒక బ్యాటరీ కుటుంబాన్ని ఎంచుకోవడమే. ఇంట్లో ఇప్పటికే అంచులు కత్తిరించే ట్రిమ్మరో, ఆకులు ఊదే బ్లోయరో బ్యాటరీతో నడుస్తూ ఉంటే, అదే కుటుంబంలో మోవర్ దొరుకుతుందేమో ముందుగా చూడడం తెలివైన పని. వేర్వేరు కంపెనీల బ్యాటరీలను కలిపే అడాప్టర్లు బయట దొరుకుతాయి గానీ, బ్యాటరీకీ యంత్రానికీ మధ్య జరిగే వేడి, వోల్టేజి సమాచార మార్పిడిని అవి తప్పించే అవకాశం ఉంది కాబట్టి మోవర్ లాంటి ఎక్కువ కరెంటు లాగే పనికి వాటిని నేను సిఫారసు చేయను.

నాలుగవ మెట్టు: యంత్రాన్ని ఎంచుకోవడం

కోత వెడల్పు ఎక్కువైతే వరుసలు తగ్గుతాయి, కానీ బ్లేడు ప్రతి క్షణం ఎక్కువ గడ్డిని ఎదుర్కోవాలి కాబట్టి కరెంటు ఖర్చు కూడా పెరుగుతుంది. వెడల్పైన డెక్ మనకు సమయం మిగులుస్తుంది తప్ప బ్యాటరీకి పెద్దగా మిగిల్చేది ఉండదు. ఇరుకు గేట్లు, దగ్గర దగ్గరగా చెట్లు ఉన్నచోట 40 సెంటీమీటర్ల డెక్ హాయిగా తిరుగుతుంది. అడ్డంకుల్లేని లాన్‌కు 50, 53 సెంటీమీటర్లవి బాగుంటాయి.

మోటారు బ్రష్‌లెస్ అయి ఉండాలన్నది నేను పట్టుబట్టే ఒకే ఒక షరతు. కార్బన్ బ్రష్‌లు ఉన్న మోటారులో రాపిడి వల్ల శక్తి వృథా కావడమే కాక, అవి అరిగిపోయి మార్చవలసి వస్తుంది. గడ్డి ఒత్తుగా తగిలినప్పుడు మోటారు తనంతట తానే వేగం పెంచుకుని, పలుచబడగానే తగ్గించుకునే ఏర్పాటు ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

సెల్ఫ్ డ్రైవ్ అందరికీ అవసరం లేదు. ఇంజిన్, ఆయిల్, ట్యాంకు లేకపోవడం వల్ల బ్యాటరీ మోవర్ సాధారణంగా తేలికగా ఉంటుంది, చదునైన నేల మీద దాన్ని తోయడం శ్రమ అనిపించదు. ఏటవాలు ఉన్నా, భుజాల నొప్పులు ఉన్నా తీసుకోవచ్చు, కానీ దాని వంతు బ్యాటరీని ముందే లెక్కలో వేసుకోవాలి. ఎత్తు సర్దే లివర్ నాలుగు చక్రాలకూ ఒకటే ఉందా, విడివిడిగా ఉందా అన్నది కొనేటప్పుడు చిన్న విషయంగా కనిపిస్తుంది. గడ్డి పెరిగినప్పుడల్లా ఎత్తు మార్చి కోసేవారికి ఒకే లివర్ విలువ తెలుస్తుంది. హ్యాండిల్ మడిచి నిలువుగా నిలబెట్టే వీలు కూడా బ్యాటరీ మోవర్లకు దక్కిన సుఖమే, ఎందుకంటే కారిపోవడానికి లోపల పెట్రోలూ ఆయిలూ ఉండవు.

ఐదవ మెట్టు: చార్జింగ్‌కు చోటు చూసుకోవడం

చార్జర్ లేబుల్ మీద ఉన్న అవుట్‌పుట్ వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే దాని వాట్లు తెలుస్తాయి. 42 వోల్టులు, 2.2 ఆంపియర్ల చార్జర్ అంటే సుమారు 90 వాట్లు. అది 270 వాట్-అవర్ల బ్యాటరీని నింపడానికి మూడు గంటలకు పైగా తీసుకుంటుంది. రెండో బ్యాటరీ లేనివారికి ఈ అంకె చాలా ముఖ్యం, ఉన్నవారికి అంత ముఖ్యం కాదు. చార్జర్‌ను ఎండ తగలని, వాన జల్లు పడని, చుట్టూ గాలి ఆడే చోట, మంట అంటుకునే సామాను లేని గట్టి బల్ల మీద పెట్టాలి. ప్రత్యేక వైరింగ్ ఏమీ అక్కర్లేదు.

ఆరవ మెట్టు: మొదటి కోత

కొత్త బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి, లాన్‌లో ఉన్న రాళ్లు, పుల్లలు, నీటి గొట్టాలు, పిల్లల ఆట వస్తువులు ఏరివేశాక, మొదటిసారి మామూలు కంటే ఒక మెట్టు ఎత్తులో పెట్టి మొదలుపెట్టాలి. గడ్డి పొడవులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకూడదన్న సూత్రం గడ్డి ఆరోగ్యం కోసం పుట్టినదే అయినా, బ్యాటరీ మోవర్‌కు అదే శక్తి పొదుపు సూత్రం కూడా. 6 సెంటీమీటర్ల ఎత్తు ఉంచాలనుకుంటే గడ్డి 9 సెంటీమీటర్లకు చేరేలోపు కోయాలి. ఇంకో వారం ఆగితే కోత ఒకటి తప్పుతుంది గానీ, తరువాతి కోతకు పట్టే శక్తి, సమయం రెండూ పెరుగుతాయి.

పెట్రోల్ ఇంజిన్‌తో పనిచేసినవారు గడ్డి ఒత్తుగా ఉన్నచోట చెవితో గమనించి నడక తగ్గిస్తారు. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై గొంతు తగ్గగానే కాలు దానంతట అదే ఆగుతుంది. బ్యాటరీ మోవర్ ఆ హెచ్చరికను అలా ఇవ్వదు. చాలా యంత్రాల్లో బరువు పెరిగేకొద్దీ మోటారు స్వరం పైకి వెళుతుంది. ఆ కీచుమనే ధ్వని తగ్గకుండా కొనసాగుతుంటే బ్యాటరీ వేగంగా ఖర్చవుతోందని అర్థం. అప్పుడు నడక నెమ్మదించాలి, లేదా డెక్ వెడల్పులో సగమే గడ్డిలోకి వెళ్లేలా వరుస మీద వరుస ఎక్కించి కోయాలి. ఇంకా ముందుకు నెడితే రక్షణ వలయం కరెంటు కోసేసి బ్లేడును ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు. హ్యాండిల్ వదిలి, బ్యాటరీ తీసి, డెక్ కింద గడ్డి ఇరుక్కుని ఉంటే తొలగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఊరెళ్లి వచ్చేసరికి గడ్డి బాగా పెరిగిపోతే ఒకే రోజు ముగించాలని చూడకూడదు. ముందు అన్నిటికంటే పై ఎత్తులో, మల్చింగ్ కాకుండా సంచికో పక్కకో వదులుతూ కోయాలి. మూడు నాలుగు రోజుల తరువాత రెండు మెట్లు దించి మళ్లీ కోయాలి. తడి గడ్డిని ఆరనివ్వడం మేలు. తడిసిన గడ్డి డెక్ లోపల ముద్దలుగా అంటుకుని, గాలి ప్రవాహానికి అడ్డుపడి, బ్లేడుకు బరువవుతుంది. చార్జింగ్ చాలడం లేదన్న ఫిర్యాదుల్లో ఎన్నో బ్యాటరీ దగ్గర కాక ఇక్కడే మొదలవుతాయి.

భద్రత గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పెట్రోల్ మోవర్ నడుస్తోందో ఆగిందో మోతను బట్టే అందరికీ తెలుస్తుంది. బ్యాటరీ మోవర్ ఆగి ఉందో, సిద్ధంగా ఉందో చెవికి తెలియదు. కీ, బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ బటన్, హ్యాండిల్ కలిస్తే బ్లేడు మరుక్షణమే తిరుగుతుంది. హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలన్న నిబంధన అమెరికాలో 1982 నుంచి అమలులో ఉంది, మీ యంత్రంలో కూడా అటువంటి ఏర్పాటు ఉండవచ్చు. కానీ డెక్ కిందికి చేయి పెట్టే ముందు బ్యాటరీ బయటికి రావలసిందే. కీ ఉన్న యంత్రమైతే అది కూడా జేబులోకి వెళ్లాలి. ఏటవాలులో ఎప్పుడూ అడ్డంగానే నడవాలి, పైకీ కిందికీ కాదు. వాలు 15 డిగ్రీలకు మించిన చోట తోసే మోవర్ వాడకపోవడమే మంచిది.

ఏడవ మెట్టు: బ్లేడును పదునుగా ఉంచడం

బ్యాటరీ సామర్థ్యాన్ని పెంచే మార్గాల్లో చవకైనది ఆకురాయి. కోసిన మరునాడో మూడోనాడో లాన్ మీదికి వంగి ఒక గడ్డి పోచ కొన చూడండి. గీత గీసినట్టు తెగి, పచ్చగా ఉంటే బ్లేడు బాగున్నట్టు. కొన చీలికలై, తెల్లబారి, గోధుమ రంగుకు తిరిగితే బ్లేడు గడ్డిని కోయడం లేదు, చీల్చి లాగుతోంది. ఆ లాగుడుకు మోటారు అదనంగా కష్టపడుతోంది. సుమారు 20, 25 గంటల కోతకు ఒకసారి పదును పెట్టాలన్నది మామూలు లెక్క. ఇసుక నేలల్లో అంతకంటే ముందే అవసరం పడుతుంది.

పని ఇలా సాగాలి. బ్యాటరీ, కీ తీసివేసి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, మోవర్‌ను పక్కకు వాల్చాలి. పెట్రోల్ మోవర్‌ను వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండేలా చూసుకోవలసి వచ్చేది, ఇక్కడ ఆ బాధ లేదు. డెక్‌కూ బ్లేడుకూ మధ్య ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి బ్లేడు తిరగకుండా ఆపి, మధ్య బోల్టును విప్పాలి. విప్పే ముందే నేల వైపు ఉన్న ముఖానికి రంగుతో ఒక గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే బ్లేడును తలకిందులుగా బిగిస్తే మోటారు బాగానే తిరుగుతుంది గానీ గడ్డి తెగదు. వాషర్లు, ప్లాస్టిక్ ఇన్సులేటర్ ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోవడం మంచిది. ఆ ఇన్సులేటర్‌ను తిరిగి పెట్టకుండా బిగించకూడదు.

బ్లేడును పట్టులో బిగించి, కంపెనీ నుంచి వచ్చిన ఏటవాలు కోణాన్నే అనుసరిస్తూ, ఆకురాయిని ఒకే దిశలో లోపలి నుంచి అంచు వైపుకు నడపాలి. గడ్డం గీసే కత్తిలా పదును పెట్టనక్కరలేదు. అంత పలుచని అంచు మొదటి గులకరాయికే ముడుచుకుపోతుంది. రెండు వైపులా సమానంగా రాసిన తరువాత, గోడకు కొట్టిన మేకు మీద మధ్య రంధ్రంతో వేలాడదీసి చూడాలి. ఒక వైపు కిందికి జారితే ఆ వైపు బరువు ఎక్కువ. అక్కడ ఇంకొంచెం రాసి సమం చేయాలి. సమం లేని బ్లేడు యంత్రాన్ని వణికిస్తుంది, ఆ వణుకు మోటారు బేరింగులను తినేస్తుంది. బోల్టును మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు, వీలైతే టార్క్ రెంచితో బిగించాలి.

ఎనిమిదవ మెట్టు: బ్యాటరీని చూసుకోవడం

కోత ముగిసిన వెంటనే బ్యాటరీ వేడిగా ఉంటుంది, దాన్ని చల్లారనిచ్చి చార్జింగ్‌కు పెట్టాలి. వాడినప్పుడల్లా పూర్తిగా ఖాళీ చేయాలన్నది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలపు అలవాటు; లిథియం-అయాన్‌కు అది మేలు చేయదు. నీరు గడ్డకట్టేంత చలిలో, అంటే 0 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన, చార్జ్ చేయకూడదు. అలా చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వత నష్టం కలుగుతుంది. ఎండలో నిలిపిన కారులో, రేకుల షెడ్డులో వదిలేయడం కూడా అంతే చెడ్డది, ఎందుకంటే వేడి బ్యాటరీ ఆయుష్షును మెల్లగా తినేస్తుంది.

గడ్డి పెరగని నెలల్లో బ్యాటరీని మోవర్ నుంచి తీసి, సగం చార్జింగ్‌తో, చల్లని పొడి చోట ఉంచాలి. పూర్తిగా నిండిన స్థితిలో నెలల తరబడి ఉంచితే సామర్థ్యం తగ్గుతుంది. ఖాళీగా ఉంచితే వోల్టేజి మరీ పడిపోయి చార్జర్ దాన్ని గుర్తించకపోవచ్చు. రెండు మూడు నెలలకు ఒకసారి మీట నొక్కి ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో చూస్తే చాలు.

మోవర్‌ను గొట్టంతో నీళ్లు కొట్టి కడిగే అలవాటు మానుకోవాలి. డెక్ కింద ఎండిన గడ్డిని చెక్క గరిటెతోనో ప్లాస్టిక్ గోకుడు పలకతోనో గీకి, పైభాగాన్ని తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మోటారు గాలి రంధ్రాల్లో చిక్కిన గడ్డి నలుసులను మెత్తని బ్రష్‌తో దులపాలి.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, నీళ్లలో మునిగినా, వింత వాసన వచ్చినా దాన్ని మళ్లీ చార్జ్ చేయకూడదు, ఇంట్లో ఉంచకూడదు. ఆయుష్షు తీరినవాటిని చెత్తబుట్టలో వేయకుండా, టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, బ్యాటరీలు సేకరించే కేంద్రానికి అప్పగించాలి. చెత్త బండిలో నలిగిన లిథియం బ్యాటరీలు మంటలకు కారణమవుతున్నాయి.

తొమ్మిదవ మెట్టు: పాత మోవర్‌ను సాగనంపడం

కొత్తది ఇంటికి వచ్చిన రోజే పాతదాన్ని ఇచ్చివేయవద్దు. గడ్డి ఏపుగా పెరిగే కాలం ఒకటి గడిచి, ఆ ఒత్తిడిలో కూడా బ్యాటరీ సరిపోతోందని తేలేదాకా దాన్ని ఉంచుకోవడం వివేకం. అలా ఉంచినంతకాలం ట్యాంకులో పెట్రోల్ మిగల్చకూడదు. ఎథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలకుండా ఉన్న పెట్రోల్ కార్బురేటర్‌లో జిగురుగా మారుతుంది.

వదిలించుకునే సమయం వచ్చినప్పుడు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, నిప్పుకు దూరంగా, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, ట్యాంకులోని పెట్రోల్‌ను చేతి పంపుతో ఇంధనం కోసమే తయారైన డబ్బాలోకి తోడాలి. అది తాజాదై, టూ-స్ట్రోక్ ఆయిల్ కలపనిదైతే మరో పెట్రోల్ యంత్రానికి వాడుకోవచ్చు. తరువాత డబ్బాను దూరంగా పెట్టి, తీగ తిరిగి తగిలించి, ఇంజిన్‌ను దానంతట అది ఆగిపోయేదాకా నడిపితే కార్బురేటర్‌లో మిగిలిన చుక్కలు కూడా కాలిపోతాయి. ఆ వెచ్చదనంలో ఆయిల్ సులభంగా కారుతుంది కాబట్టి, తీగను మళ్లీ ఊడదీసి ఆయిల్‌ను ఒక పళ్లెంలోకి దించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వాలి. కాలువలోనో మట్టిలోనో పోయకూడదు.

తుక్కు కింద ఇచ్చేటట్లయితే ఇంతటితో పని అయిపోయినట్టే. స్టీల్ డెక్, అల్యూమినియం ఇంజిన్ రెండూ కరిగించి వాడుకోదగినవే. పాత పెట్రోల్ మోవర్ అప్పగిస్తే బ్యాటరీ మోవర్ మీద రాయితీ ఇచ్చే పథకాలు కొన్ని ప్రాంతాల్లో ఉన్నాయి కాబట్టి, తుక్కుకు వేసే ముందు స్థానిక సంస్థను ఒకసారి అడిగి చూడాలి. ఎవరికైనా వాడుకోవడానికి ఇస్తున్నా, అమ్ముతున్నా, ఇంజిన్‌లో ఆయిల్ లేదని పెద్ద అక్షరాలతో రాసిన చీటీని స్టార్టర్ తాడు పిడికే కట్టాలి. ఆయిల్ లేకుండా తాడు లాగి నడిపితే ఆ ఇంజిన్ కొద్ది నిమిషాల్లోనే బిగుసుకుపోతుంది.